ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు – రామదండు కథ



శ్రీరామనవమి వచ్చిందంటే మనకు భద్రాచలం గుర్తుకు వస్తుంది. భద్రాచలంతో పాటు భక్త రామదాసు గారు గుర్తుకు వస్తారు. తహసీలుదారుగా వసూలు చేసిన శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, అందుకు గోల్కొండ చెరసాలలో ఏళ్ళ తరబడి ఉన్న ఆయన కథ మన పిల్లలకు కూడా తెలుసు. రాముడి పేరు, పన్ను సొమ్ము, చెరసాల ఈ మూడూ కలిసిన కథ తెలుగునాట ఇంకొకటి ఉంది. అది వందేళ్ళ కిందట చీరాలలో జరిగింది. ఆ కథానాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. ఈ పండుగ సంచికలో ఆయన జీవితాన్ని తలచుకుందాం.

ఆయననే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. బూన్ లేలో మన కుటుంబాలు నలుగురు కలిసినప్పుడల్లా ఒక చర్చ వస్తూనే ఉంటుంది. పన్నులు కడుతున్నాం కదా, కష్టంలో ఉన్నవాళ్ళను ప్రభుత్వమే చూసుకోవాలని కొందరు అంటారు. ఎవరి బాగు వాళ్ళు చూసుకోవాలి, ఒకరి బరువు ఇంకొకరి మీద వేయడం న్యాయం కాదని మరికొందరు అంటారు. గోపాలకృష్ణయ్య గారి జీవితం ఈ రెండు వాదాలనూ పరీక్షకు పెట్టింది.

బాల్యం, చదువు

గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. తిరుపతమ్మ తల్లి కొలువై ఉన్న ఊరు అది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. ఊహ తెలియకముందే తండ్రి కూడా పోయారు. నాయనమ్మ, పినతండ్రి ఆయనను పెంచి పెద్ద చేశారు. తల్లీ తండ్రీ లేని బిడ్డను బంధువులు ఆదుకోవడం ఆ రోజుల్లో ఎవరూ గొప్పగా చెప్పుకునే విషయం కాదు. అది ఇంటి ధర్మం. తాను అలాంటి ధర్మం చేతుల మీద పెరిగినవాడు కనుకనే, పరాయివాడి కష్టం తన కష్టం అనుకునే గుణం ఆయనకు చిన్ననాడే అబ్బిందేమో అనిపిస్తుంది.

చిన్నప్పటి నుంచీ ఆయనకు సంగీతం, నాటకం అంటే ప్రాణం. మంచి కంఠం, హాస్యం, అప్పటికప్పుడు పద్యం చెప్పగల నేర్పు ఉండేవి. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి సముద్రాలు దాటి స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ అర్థశాస్త్రం ప్రధానంగా ఎం.ఏ. పట్టం పుచ్చుకున్నారు. పరదేశంలో చదువుకున్న వాళ్ళకు ఆ ఒంటరితనం, ఆ చలి, ఇంటి భోజనం మీద బెంగ ఎలా ఉంటాయో తెలుసు. వైద్యం చదువుకోవడానికి ఇల్లు వదిలి వెళ్ళినవాడిగా నాకూ తెలుసు.

అక్కడ ఉన్న కాలంలోనే ఆయనకు ప్రసిద్ధ కళావేత్త ఆనంద కుమారస్వామి గారితో పరిచయం కలిగింది. ఇద్దరూ కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. దానిని 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. భరతనాట్యం, కూచిపూడి నేర్చుకునే మన పిల్లల గురువులకు ఈ పుస్తకం తెలిసే ఉంటుంది. దాని మీద ఒక తెలుగువాడి పేరు ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

తిరిగి వచ్చాక రాజమహేంద్రవరంలో, ఆ తరువాత మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పారు. ఉద్యోగాలు ఆయనను ఎక్కువ కాలం నిలపలేకపోయాయి. ఎడింబరో పట్టం ఉన్నవాడికి ఆ రోజుల్లో పెద్ద జీతం, పెద్ద ఇల్లు కష్టం కాదు. ఆయన అవి కోరుకోక చీరాల చేరారు. అక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థ పెట్టి చదువు, కళలు, పురాణం, దేశభక్తి కలిపి జనానికి అందించే పనిలో పడ్డారు.

చీరాల మీద పడిన పన్ను

చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న ఊళ్ళు. అప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. సముద్రం దగ్గర, ఇసుక నేల. జనంలో ఎక్కువమంది నేతపనివారు, చిన్న రైతులు, కూలీలు, చిన్న వ్యాపారులు. రెండు ఊళ్ళూ కలిపి జనాభా సుమారు 15 వేలు. అప్పటిదాకా ఊరి పనులకు వారి మీద పడుతున్న పన్ను ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసింది. దానితో పన్ను సుమారు 40 వేల రూపాయలకు చేరింది.

ఈ లెక్కను మనిషికి పంచి చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. ముందు తలకు సుమారు నాలుగణాలు. తరువాత తలకు సుమారు రెండు రూపాయల పది అణాలు. అయిదుగురు ఉన్న ఇంటికి పదమూడు రూపాయల పైమాట. పసిబిడ్డ మొదలు ముసలమ్మ దాకా అందరినీ కలిపి తీసిన లెక్క ఇది. మగ్గం మీద రోజు కూలి చూసుకుని బతికే ఇంటికి ఆ బరువు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వం వైపు మాట కూడా చెప్పుకోవాలి. మురుగు కాలువలు, మంచినీరు, వీధి దీపాలు, టీకాలు ఇవన్నీ ఊరికి కావలసినవే. కలరా, మశూచి ఊళ్ళను ఊడ్చిపెట్టిన కాలం అది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటా లక్షల ప్రాణాలు తీసుకుంది. ఒక వైద్యుడిగా నేను ఊరి పరిశుభ్రతకు పన్ను అవసరం లేదని ఎన్నటికీ అనలేను. మందులు కనిపెట్టినందువల్ల నిలిచిన ప్రాణాల కంటే, మంచినీటి వల్లా మురుగు కాలువల వల్లా నిలిచిన ప్రాణాలు తక్కువేమీ కావు. ఆ పని ఒక్కొక్క ఇల్లు విడిగా చేసుకోగలిగేది కాదు.

అయితే చీరాల వారి బాధ వేరు. వారిని అడగలేదు. వారికి ఎంత శక్తి ఉందో చూడలేదు. వద్దని మహజర్లు పంపుకుంటే పట్టించుకోలేదు. పన్ను మొదట వచ్చింది, సౌకర్యాలు తరువాత వస్తాయన్నారు. ప్రజల వైపు నిలిచి మునిసిపల్ కౌన్సిలర్లు రాజీనామా చేస్తే, జీతానికి ఒక అధికారిని పెట్టి ప్రభుత్వం మునిసిపాలిటీని నడిపించింది.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. అప్పుడు మద్రాసులో స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి మన తెలుగువారే, పానగల్లు రాజా రామరాయనింగారు. తరువాతి కాలంలో ఆలయాల ఆస్తులను కాపాడే దేవాదాయ చట్టం తెచ్చింది ఆయన ప్రభుత్వమే. అంటే చెడ్డవాడని తోసిపారేయదగిన వ్యక్తి కాదు. ఊరికి మంచి చేస్తున్నామని ఆయన నమ్మారు. మాకు మంచి ఏదో మమ్మల్ని అడగండని ఊరు కోరింది. చిక్కు అక్కడ వచ్చింది.

కొందరు పన్ను కట్టబోమన్నారు. జరిమానాలు పడ్డాయి, జప్తులు జరిగాయి, జైలు శిక్షలు పడ్డాయి. జైలుకు వెళ్ళినవారిలో రావూరి అలివేలమ్మ గారు అనే స్త్రీ కూడా ఉన్నారు. ఆడవారు ఇల్లు దాటి సభకు రావడమే వింతగా చూసే రోజుల్లో ఆమె పన్ను విషయంలో జైలుకు వెళ్ళారు. మన ఆడపిల్లలకు చెప్పవలసిన పేరు అది.

రామదండు

గోపాలకృష్ణయ్య గారు ఈ పోరాటానికి నాయకుడయ్యారు. ఆయన మొదట చేసిన పని ఉపన్యాసం ఇవ్వడం కాదు, సేవకుల దండు ఒకటి కట్టడం. దానికి రామదండు అని పేరు పెట్టారు. సుమారు వెయ్యి మంది అందులో చేరారు. కాషాయపు బట్ట, నుదుట బొట్టు, మెడలో రుద్రాక్షలు. శ్రీరామచంద్రుడు లంక మీదికి వెళ్ళేటప్పుడు వెంట ఉన్నది చక్రవర్తి సైన్యం కాదు, అయోధ్య ఖజానా కూడా కాదు. తమంతట తాము వచ్చిన వానరులు. ఎవరి చేతికి ఎంత రాయి అందితే అంత మోసి సేతువు కట్టారు. ఆ భావం చదువురాని నేతపనివాడికి కూడా ఒక్క పేరుతో అర్థమైంది.

రామదండు పని జనాన్ని రెచ్చగొట్టడం కాదు. జాతరల్లో, సభల్లో జనాన్ని క్రమంలో ఉంచడం, దారి చూపడం, దాహం అన్నవారికి నీళ్ళివ్వడం, గొడవలు రాకుండా చూడడం. 1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం జరిగింది. గాంధీ మహాత్ముని చూడడానికి ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. ఆ జనసముద్రాన్ని అదుపులో ఉంచినవారిలో రామదండు ముందు నిలిచింది.

ఆ సమావేశం ముగిశాక, ఏప్రిల్ మొదటి వారంలో గాంధీ గారు చీరాల వచ్చారు. ఊరివారు తమ గోడు చెప్పుకున్నారు. ఆయన వారికి రెండు మార్గాలు చూపించారు. ఒకటి, పన్ను కట్టకుండా శాంతంగా జైళ్ళకు వెళ్ళడం. రెండవది, ఎవరితోనూ తగవు లేకుండా మునిసిపాలిటీ హద్దు దాటి ఊరినే వదిలి వెళ్ళిపోవడం. ఏది చేసినా సొంత బాధ్యత మీద చేయాలని, బయటివారి సాయం మీద ఆశ పెట్టుకుని దిగవద్దని కూడా ఆయన భావం.

ఊరు రెండవ మార్గం ఎంచుకుంది.

ఊరు కదిలింది

1921 వేసవిలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, చీరాల పేరాల ప్రజలు ఇళ్ళకు తాళాలు వేసి బయలుదేరారు. 15 వేల జనాభాలో 13 వేలకు పైగా కదిలారు. ముసలివారు, బాలింతలు, పసిపిల్లలు, ఆవులు, గేదెలు, కుండలు, మగ్గాల సామాను. మునిసిపాలిటీ హద్దుకు అవతల ఖాళీ నేలలో పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. అక్కడ వారు సుమారు పదకొండు నెలలు ఉన్నారు.

మనలో ప్రతి ఒక్కరూ ఊరు వదిలి వచ్చినవారమే. కానీ మనం వచ్చింది మంచి ఉద్యోగం కోసం, పిల్లల చదువు కోసం. వారు సొంత ఇల్లు కళ్ళ ఎదుట కనబడుతూ ఉండగా, దానిని వదిలి తాటాకు పాకలో కాపురం పెట్టారు. నడిచి వెళితే కొద్దిసేపట్లో చేరగల ఇంటికి వెళ్ళకుండా ఉండడానికి ఎంత పట్టుదల కావాలి!

ఈ కథలో అసలు నేర్చుకోవలసింది ఇక్కడ మొదలవుతుంది. పన్ను కట్టనని అనడం తేలిక. ఆ పన్నుతో జరగవలసిన పనులు ఎవరు చేస్తారు? పదమూడు వేలమంది ఒకచోట చేరితే నీళ్ళు కావాలి. చెత్త ఎత్తాలి. రాత్రిపూట కాపలా ఉండాలి. తగవులు తీర్చాలి. పిల్లలకు చదువు చెప్పాలి. జబ్బుపడినవారిని చూడాలి. పని దొరకని ఇంట పొయ్యి వెలిగేలా చూడాలి. మునిసిపాలిటీ వద్దన్నారు కనుక మునిసిపాలిటీ చేసే ప్రతి పనీ ఇప్పుడు వారి నెత్తి మీదకు వచ్చింది.

గోపాలకృష్ణయ్య గారు ఆ బాధ్యతను తప్పించుకోలేదు. రామనగరంలో అన్ని కులాలవారూ తమ ప్రతినిధులను ఎన్నుకుని ఒక సభ ఏర్పాటు చేసుకున్నారు. తగవులు తీర్చడానికి సొంత న్యాయస్థానం పెట్టుకున్నారు. రామదండు కాపలా కాసింది, క్రమశిక్షణ చూసుకుంది. విద్యాపీఠ గోష్ఠి చదువూ కళలూ చూసుకుంది. సాయంత్రం పూట భజనలు, పురాణం, నాటకం. ఎండలో వానలో పాకల్లో పడి ఉన్న జనానికి మనసు కుంగిపోకుండా ఉండడం కూడా ఒక మందేనని ఆయనకు తెలుసు.

అంటే ఆయన పన్నుకు ఎదురు తిరిగారు గానీ, పక్కవాడికి మనం పడిన బాకీకి ఎదురు తిరగలేదు. సర్కారుకు కట్టనన్న ప్రతి అణాకు బదులు అంతకు మించిన చాకిరీ తానూ తన దండూ చేశారు. నా డబ్బు నాది, నీ కష్టం నీది అనే మాటకు రామనగరంలో చోటు లేదు.

దండు నాయకుడు లేనప్పుడు

అయితే రామనగరం ఎందుకు నిలవలేదు? భక్తితో చెప్పుకునే కథల్లో మనం ఈ ప్రశ్నను దాటిపోతూ ఉంటాం. దాటిపోకూడదు.

నెలలు గడిచేకొద్దీ చేతిలోని డబ్బు అయిపోయింది. నేతపనివారి సంగతి ఆలోచించండి. గుంట మగ్గం అంటే నేలలో గుంట తవ్వి పాతుకున్న మగ్గం. దానిని ఎక్కడికంటే అక్కడికి ఎత్తుకుపోలేరు. వానాకాలంలో పాకలో నేల తడిస్తే పడుగూ పేకా పాడవుతాయి. పని ఆగితే తిండి ఆగుతుంది. ఉన్నవారు లేనివారికి కొంతకాలం పెట్టగలిగారు. ఉన్నవారి చేతిలోదీ తరిగిపోయాక పెట్టేవారెవరు?

గోపాలకృష్ణయ్య గారు సాయం కూడగట్టడానికి బయట ఊళ్ళు తిరిగారు. 1921 చివరి నెలల్లో బరంపురం వెళ్ళినప్పుడు, ప్రసంగించకూడదన్న అధికారుల ఉత్తరువును కాదన్నందుకు ఆయనను అరెస్టు చేసి ఒక సంవత్సరం శిక్ష వేశారు. తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేని రామనగరం కొన్ని నెలలు ఓర్చుకుంది. చివరికి జనం ఒక్కొక్క కుటుంబంగా తాళాలు తీసి తమ ఇళ్ళకు తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ అలాగే ఉంది, పన్ను అలాగే ఉంది.

ఓడిపోయారని అనవచ్చు. కానీ పదమూడు వేలమంది, ఒక్క రాయి విసరకుండా, ఒక్కరి మీద చేయి చేసుకోకుండా, పదకొండు నెలలు తమ ఊరిని తామే నడుపుకున్నారు. అది దేశం మొత్తం చూసింది. బార్డోలీ రైతుల పన్ను నిరాకరణ 1928లో జరిగింది. చీరాల దానికంటే ఏడేళ్ళు ముందు.

అయినా పాఠం పాఠమే. మంచి మనసు ఎంత గొప్పదైనా, అది ఒక మనిషి మీద ఆధారపడి ఉంటే ఆ మనిషి లేని రోజున ఆగిపోతుంది. నెల నెలా తప్పకుండా అందవలసిన బియ్యం, మందు, నీరు వీటికి ఒక ఏర్పాటు కావాలి. అందరూ తమ శక్తి కొద్దీ వేసే వాటా కావాలి. దానినే మనం పన్ను అంటాం. ఆ వాటా ఎంతో, దేనికో అందరికీ తెలిసి, అందరినీ అడిగి పెట్టినదైతే దానిని కట్టడం ధర్మం. అడగకుండా, శక్తి చూడకుండా వేసినదైతే అది చీరాల అవుతుంది.

చివరి రోజులు

జైలు నుంచి వచ్చాక కూడా గోపాలకృష్ణయ్య గారు దేశసేవ విడిచిపెట్టలేదు. కానీ చేతిలో డబ్బు లేదు. తనకున్నది కరిగిపోయింది, సంపాదన మీద ఎప్పుడూ దృష్టి లేదు. చివరికి క్షయ పట్టుకుంది. 1928 జూన్ 10న, నలభై ఏళ్ళు నిండకముందే, ఆయన కన్నుమూశారు.

ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో, అంటే ఆయన పోయిన పదిహేనేళ్ళకు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే అప్పటి వైద్యం. ఆ మూడూ డబ్బున్నవాడికి దొరికేవే. వేలమందికి కాపలా కాసిన దండు నాయకుడికి చివరి రోజుల్లో లేమి తప్పలేదు. పరులకు సాయం చేసేవారిని చూసుకోవలసిన బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నను ఆయన మరణం మనకు వదిలిపెట్టింది. విజయవాడలోని ఆంధ్రరత్న భవన్ ఆయన పేరు మీద ఉన్నదే. దాని ముందు నుంచి వెళ్ళేవారిలో ఎంతమందికి ఈ కథ తెలుసో!

మన బూన్ లేలో

ఇప్పుడు మన సంగతి. బూన్ లే అనే పేరు కూడా ఇల్లు వదిలి సముద్రం దాటి వచ్చిన ఒక వ్యాపారిదే. చ్యూ బూన్ లే గారు ఈ ప్రాంతంలో తోటలు వేశారు. ఆ తోటల చోట తరువాత ఫ్యాక్టరీలు, ఇళ్ళు, కార్మికుల వసతిగృహాలు వచ్చాయి. ఒకే రైలు స్టేషనులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగువాడు, ఓడల పనిలో చేసే తెలుగువాడు పక్కపక్కన నిలబడతారు.

సింగపూరులో ఎవరి బాధ్యత ఎంతవరకు అనేది చాలా స్పష్టంగా గీసి ఉంటుంది. ముందు మనిషి, తరువాత కుటుంబం, తరువాత సంఘం, చివరికి ప్రభుత్వం. 1984 నుంచి మెడిసేవ్ ఉంది, అది ఎవరి జీతంలోంచి వారు వైద్యానికి దాచుకునేది. 2015లో మెడిషీల్డ్ లైఫ్ వచ్చింది, అది పౌరులందరూ, శాశ్వత నివాసులందరూ కలిసి మోసే బీమా. ఇవి కూడా సరిపోని పౌరుల కోసం 1993 నుంచి మెడిఫండ్ ఉంది. 2024 నుంచి మనం కొనే వస్తువుల మీద జి.ఎస్.టి. 9 శాతం. తక్కువ ఆదాయం ఉన్న పౌరులకు అందులో కొంత వోచర్ల రూపంలో తిరిగి వస్తుంది. మన జీతం చీటీ చూస్తే సిండా అని ఇంకొక చిన్న కోత కూడా ఉంటుంది. 1991లో భారతీయ సంతతి పిల్లల చదువుకు, కుటుంబాల సాయానికి మొదలైన సంస్థ అది. జీతాన్ని బట్టి నెలకు ఒక డాలరు నుంచి 30 డాలర్ల వరకు. వద్దనుకుంటే ఫారం నింపి మానుకోవచ్చు.

ఆ ఫారం ముందు కూర్చున్నప్పుడు మనమందరం చీరాల వారమే. కట్టనని అనే హక్కు మనకు ఉంది. చీరాల వారికి ఆ హక్కు కోసం ఇళ్ళే వదలవలసి వచ్చింది, మనకు ఒక సంతకం చాలు. కానీ మానుకున్న తరువాత, ఆ డబ్బుతో జరిగే పనిలో మన వంతు మనం వేరే దారిలో చేస్తున్నామా? ఒక పిల్లవాడికి లెక్కలు చెబుతున్నామా? ఒక ఇంటి అద్దెకు ఆసరా అవుతున్నామా? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా సంతకం పెట్టడం గోపాలకృష్ణయ్య గారి దారి కాదు.

ఈ గీతలన్నిటికీ బయట ఉండేవారు కూడా ఉన్నారు. పని పర్మిటు మీద వచ్చిన మన తెలుగు కార్మికులకు మెడిషీల్డ్ లేదు, మెడిఫండ్ లేదు. వారికి వైద్య బీమా చేయించడం యజమాని బాధ్యత. 2023 జూలై నుంచి ఆ బీమా కనీసం 60 వేల డాలర్లకు పెరిగింది. ఆసుపత్రి బిల్లు వరకు అది మంచి ఏర్పాటే. కానీ ఒక కార్మికుడు జబ్బుపడి నెల రోజులు పని చేయలేకపోతే, ఇక్కడ బిల్లు కంటే ముందు ఊళ్ళో అప్పు వాడిని బాధిస్తుంది. డాక్టరు చెప్పింది అర్థం కాక, అడగడానికి మొహమాటపడి, నొప్పిని దాచుకుని పనికి వెళ్ళేవారు ఎందరో. రోగం ముదిరాక వస్తారు. వారికి మొదట కావలసింది డబ్బు కూడా కాదు, తెలుగులో మాట్లాడి పక్కన కూర్చునే ఒక మనిషి. ఏ పన్నూ ఆ మనిషిని పంపలేదు.

2020లో కోవిడ్ వసతిగృహాల్లో వ్యాపించినప్పుడు ఈ సంగతి బాగా తెలిసింది. కార్మికుల చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించింది. అది పన్ను చేసిన పని, దానిని ఏ సంఘమూ చేయగలిగేది కాదు. గదుల్లో బందీలైనవారికి ఫోను చేసి ఊరి భాషలో ధైర్యం చెప్పింది, పండుగనాడు మనవారి వంట పంపింది మాత్రం మనుషులు. రెండూ కావలసి వచ్చాయి. ఒకటి ఉందని రెండవది మానుకుని ఉంటే అవతలివాడికి సగం సాయమే అందేది.

గోపాలకృష్ణయ్య గారి నుంచి నేను తీసుకున్నది ఇదే. పన్ను కట్టినంత మాత్రాన పక్కవాడి విషయంలో మన బాకీ తీరదు. పక్కవాడికి సాయం చేస్తున్నామని పన్ను ఎగ్గొట్టే హక్కు రాదు. పన్ను అన్యాయమని తోస్తే, దాని గురించి గట్టిగా అడిగే ధైర్యం ఉండాలి. దానితో పాటు ఆ పని భుజాన వేసుకునే ఓపిక కూడా ఉండాలి. చీరాల వారు రెండూ చూపించారు.

ఈ శ్రీరామనవమికి పానకం, వడపప్పు పంచుకుంటాం. కల్యాణం చూసి తరిస్తాం. ఆ రోజు ప్రసాదం పొట్లాలు కట్టేటప్పుడు, గుడికి రాలేని వారి కోసం మరికొన్ని ఎక్కువ కట్టండి. సెలవు దొరకని కార్మికుడు ఉంటాడు, ఆసుపత్రిలో ఉన్నవారుంటారు, ఒంటరిగా ఉన్న పెద్దవారుంటారు. మీ పిల్లలను వెంట తీసుకువెళ్ళి ఇప్పించండి. దారిలో వారికి రామదండు కథ చెప్పండి. వీలుంటే నెలకు ఒక ఆదివారం, ఒక రెండు గంటలు, ఆసుపత్రికి తోడు వెళ్ళడానికో, ఒక ఉత్తరం చదివి పెట్టడానికో, ఒక ఫారం నింపి పెట్టడానికో కేటాయించండి. వెయ్యి మంది కానక్కరలేదు. పదిమంది చాలు, దండు మొదలవుతుంది.

శ్రీ సీతారామచంద్రస్వామి వారి కృప మన అందరి మీదా ఉండాలని కోరుకుంటూ, సెలవు.